ప్రార్థన పాట పాడే ఆరుగురికే కాదు, క్లాసులో 45 మందికీ సంగీతం ఎలా?

భీమిలి_తెలుగు_టీచర్:
హైస్కూలు 8, 9 తరగతులు. సెక్షనుకు 45 మంది, వారానికి ఒక్క 40 నిమిషాల పీరియడ్. సంగీతం టీచరు పోస్టు లేదు. ఉన్నది ఒక హార్మోనియం, అందులో రెండు మెట్లు నొక్కితే పైకి లేవవు. ఏటా గొంతు బాగున్న ఆరుగురిని ఏరి ఆగస్టు 15కి పాడిస్తారు, మిగతావాళ్ళు వింటారు. అందరి చేతా చేయించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? గొంతు మారుతున్న మగపిల్లలు అసలు నోరు విప్పడం లేదు.

వాల్తేరు_గాత్రం:
మేడమ్, ముందు ఆ ఏరడం ఆపండి. నెల రోజులు ఎవరినీ ఒంటరిగా పాడించొద్దు.

మొదటి రెండు వారాలు పాట వద్దు, ఎనిమిది లెక్కల ఆదితాళం చాలు. మొదటి భాగం లఘువు, దానికి ఒక దెబ్బ, మూడు వేళ్ళ లెక్క. తర్వాత రెండు ద్రుతాలు, ఒక్కోదానికి ఒక దెబ్బ, ఒక విసుర్పు (అరచేయి పైకి తిప్పడం). మొత్తం 8. నిమిషానికి 60 లెక్కల వేగంలో మొదలెట్టినా, పట్టించుకోకపోతే కాసేపటికే పరుగు అందుకుంటుంది. ఎందుకంటే విసుర్పుకు చప్పుడు ఉండదు, పిల్లలు దాన్ని మింగేసి తర్వాతి దెబ్బకు దూకుతారు. విసిరినప్పుడల్లా అందరి చేతా పైకి ‘ఊఁ’ అనిపించండి, వేగం నిలబడుతుంది. చప్పట్లు కాకుండా తొడ మీద వేయించండి. లేకపోతే గది మోతలో మీ లెక్క వినపడదు.

శ్రుతికి ఫోన్‌లో తంబూరా యాప్‌ను ఒకటో శ్రుతిలో (C) పెట్టండి. గొంతు దిగిన అబ్బాయిలు కింది షడ్జం (స), అమ్మాయిలు దాని పై స్థాయి. ఐదు స్వరాల మోహన రాగంలో స రి గ ప ద వరకే ఉంచండి, పై షడ్జం జోలికి పోవద్దు. గొంతు మధ్యలో ఉన్నవాళ్ళకు రోజుకో తీరుగా ఉంటుంది. వాళ్ళు షడ్జం ఒక్కటే పట్టుకున్నా, తాళం వేసినా అది పాడటం కిందే లెక్క. బలవంతంగా పైకి లాగిస్తే గొంతు చీలుతుంది, పక్కవాళ్ళు నవ్వుతారు, ఆ పిల్లాడు మళ్ళీ పాడడు.

పైపుల_మాస్టారు:
వాద్యాలకు పెద్ద ఖర్చు అక్కర్లేదు. లోపలి వ్యాసం 5 సెం.మీ. ఉన్న పీవీసీ పైపు 3 మీటర్లు కొంటే మోహన సెట్టు ఒకటి వస్తుంది. రెండు వైపులా తెరిచే ఉంచాలి. పొడవులు: స 63.7, రి 56.3, గ 50.4, ప 41.5, ద 37, పై స 30.4 సెం.మీ. ఒక్కోటి ఒక సెంటీమీటరు ఎక్కువే కోసి, ట్యూనర్ యాప్ చూస్తూ గరుకు కాగితంతో అరగదీయండి. పొట్టిగా కోస్తే మళ్ళీ పెరగదు.

కొట్టడానికి హవాయి చెప్పు బాగా పనికొస్తుంది. వాద్యానికి చెప్పు తగలకూడదనేవాళ్ళు ఉంటారు, అది గౌరవించాల్సిన మాటే. అదే మందం ఫోమ్ షీటు కోసి వాడండి. పైపు మూతి మీద కొట్టి వెంటనే ఎత్తాలి. అలాగే ఆనించి ఉంచితే ఒక వైపు మూసినట్టయి స్వరం దాదాపు ఒక స్థాయి (స నుంచి కింది స అంత) కిందికి పడిపోతుంది. పిల్లలు ఎక్కువగా చేసే తప్పు ఇదే.

నాలుగు సెట్లుంటే 24 మంది చేతిలో తలా ఒక పైపు, మిగతా 21 మంది తాళం, గొంతు. పది నిమిషాలకోసారి మార్చండి. ఒక్కరికి ఒక్క స్వరమే కాబట్టి ఎవరూ పక్కన పడరు. చలికాలం పొద్దున పైపులన్నీ కలిసి శ్రుతిలో కొంచెం దిగుతాయి. తమలో తాము కలుస్తాయి గాని హార్మోనియంతో కలవవు, అప్పుడు రెండూ కలపొద్దు.

రీడ్_పెట్టె:
మెట్లు ఇరుక్కోవడం సముద్రపు గాలి వల్లే అయుంటుంది. చెక్క చెమ్మకు ఉబ్బి పక్కమెట్టును రాస్తుంది, లోపలి స్టీలు స్ప్రింగు తుప్పు పడుతుంది. పెట్టెను ఎండలో పెట్టకండి, అతుకులు విచ్చుకుంటాయి. నీడలో ఆరనిచ్చి, రాసుకునే అంచును సన్న గరుకు కాగితంతో రెండు మూడు సార్లు రుద్దితే చాలు. వాడనప్పుడు చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి మూయండి. లోపల మోగే లోహపు నాలుకలు, అంటే రీడ్ల మీద నూనె మాత్రం పోయొద్దు. దుమ్ము అంటుకుని, కొసన బరువు పెరిగి శ్రుతి దిగుతుంది.

ఇంకో మాట. మన ఉత్తరాంధ్రలో తప్పెట వాయిస్తూ ఆడే జానపద కళ తప్పెటగుళ్ళు ఉండగా లయ కోసం దూరం పోనక్కర్లేదు. కళాకారులను పిలిస్తే పారితోషికం ఇచ్చి పిలవండి. గాత్రానికి మనిషి కావాలంటే విజయనగరం సంగీత కళాశాలలో అడగండి. 1919లో మొదలైంది, ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్.

భీమిలి_తెలుగు_టీచర్:
చాలా థాంక్స్ అండీ. ఒక సెక్షన్లో వినికిడి లేని పాప ఉంది. తనకేం చేయాలి?

వాల్తేరు_గాత్రం:
డోలు పక్కనే కూర్చోబెట్టి రెండు చేతుల మధ్య ఊదిన బెలూన్ పట్టించండి, దెబ్బ అరచేతికి తెలుస్తుంది. సన్నని శబ్దాలు అంతగా తెలియవు, అందుకే డోలు. తాళం వేసే మీ చేయి తనకు కనపడేలా ఎత్తుగా వేయండి. రెండో నెలలో క్లాసుకు తాళం చూపించే పని తనకే ఇవ్వండి.