డెన్మార్క్‌లో రైతులు, మన దగ్గర మిల్లు ఓనర్లు: గాలిమరల పరిశ్రమ ఇలా ఎందుకు పెరిగింది?

వేళచ్చేరి_రమణ:
మా అబ్బాయి ప్రాజెక్టు కోసం అడుగుతున్నాను. గాలి కరెంటు డెన్మార్క్‌లో ఒకలా, చైనాలో ఒకలా, మన దగ్గర ఇంకోలా ఎందుకు ఎదిగింది? చెన్నైలో మంచి కోర్సు ఉంటే అదీ చెప్పండి.

మిల్లు_లెక్కలు:
తిరుప్పూరు మిల్లులో 14 ఏళ్లు అకౌంట్స్ చూశాను. మిల్లు ఓనర్లెవరూ గాలి కోసం ఇందులోకి రాలేదు సార్, పన్ను మిగుల్చుకోవడం కోసం వచ్చారు. తొంభైల్లో మొదటి ఏడాదే 100 శాతం తరుగుదల రాసుకోనిచ్చారు, అంటే మర ఖరీదంతా ఆ ఏడాది లాభంలోంచి ఖర్చుగా తీసేసి పన్ను తగ్గించుకోవచ్చు. మార్చి 31లోపు మర నిలబడాలి, అంతే. తర్వాత తిరిగిందా అని అడిగే నాథుడు లేడు.

రామగిరి_శీను:
ఆ మాట అనకండి. నాగర్‌కోయిల్ దగ్గర కొండల మధ్య కనుమలో ఉన్న ఆరల్వాయ్‌మొళిలో ఎనిమిదేళ్లు గాలిమరల టవర్లు ఎక్కాను. పాత 250 కిలోవాట్ల మర గేర్‌బాక్సు నూనె వేలికి రాసుకుంటే ఇనుప రజను మెరిసేది. నూనె మార్చడానికి ఓనరుకు మూడుసార్లు ఫోన్ చేయాల్సి వచ్చింది. అయినా ఆ మరను తిప్పాం.

మిల్లు_లెక్కలు:
నేననేదీ అదే కదా! యూనిట్ల మీద ఆశ ఉంటే మూడు ఫోన్లు ఎందుకు? 2012లో ఆ రాయితీ తీసేయగానే కొత్త మరలు తగ్గిపోయాయి. 2014లో మళ్లీ ఇవ్వక తప్పలేదు.

పద్మజ_అంబత్తూరు:
గాలిమరల డిజైన్‌లో 22 ఏళ్లున్నాను, ఈ పరిశ్రమను నా అంత దగ్గరగా చూసినవాళ్లు ఇక్కడ ఉండరు. కాలిఫోర్నియాలోనూ ఇదే కథ. 1985 చివర్లో పన్ను రాయితీ ఆగింది, కంపెనీలు కూలాయి. డెన్మార్క్ చిన్న మరలతో మొదలుపెట్టి, రిసో అనే తమ పరిశోధన కేంద్రంలో పరీక్షించి, ఊళ్లవాళ్లచేత వాటాలు కొనిపించి మెల్లగా పెంచింది. అక్కడి గాలిమరల కంపెనీ వెస్టాస్ అంతకుముందు వ్యవసాయ పనిముట్లు చేసేది. జర్మనీ ఒకేసారి 3 మెగావాట్ల గ్రోవియాన్ అనే పెద్ద మర కట్టింది. 1983 నుంచి 1987 దాకా ఎక్కువ రోజులు ఆగే ఉంది. గాలి కరెంటు ఎవరు తీసినా కరెంటు కంపెనీలు కొనాల్సిందేనని 1991లో చట్టం వచ్చాకే అక్కడ పుంజుకుంది.

రామగిరి_శీను:
దగ్గరగా చూశారా? ఏసీ గదిలోంచా? జులైలో కనుమ గాలికి 50 మీటర్ల ఎత్తున నాసెల్ (టవరు మీద యంత్రాలుండే గది) ఊగుతుంటే బోల్టు బిగించి మాట్లాడండి.

పద్మజ_అంబత్తూరు:
మీరు బిగించే ఆ బోల్టు లెక్క వేసేది మేమే. మర్యాదగా మాట్లాడండి.

కిరణ్_పోరూరు:
చైనాను వదిలేశారేం? 70 శాతం భాగాలు స్వదేశంలోనే చేయాలని 2005లో పట్టుబట్టారు, 2009లో ఎత్తేశారు. అప్పటికి వాళ్ల కంపెనీలు నిలదొక్కుకున్నాయి. మనం పన్ను మాఫీ ఇచ్చాం, వాళ్లు ఫ్యాక్టరీలు కట్టించారు.

మిల్లు_లెక్కలు:
మన దగ్గరా ఫ్యాక్టరీలు వచ్చాయి కిరణ్ గారూ, గాలిమరలు చేసే మన కంపెనీ సుజ్లాన్ 1995లో పుట్టింది. అసలు గొడవ సీజన్‌లో గాలి దండిగా ఉన్నప్పుడే గ్రిడ్ వాళ్లు మరలు ఆపమనడం.

వేళచ్చేరి_రమణ:
కోర్సు సంగతి?

రామగిరి_శీను:
పళ్లికరణైలో జాతీయ పవన శక్తి సంస్థ ఉంది, ట్రైనింగ్ ఇస్తారు. దానికన్నా ముందు అబ్బాయిని జూన్‌లో నాగర్‌కోయిల్ బస్సెక్కించండి, కనుమ దగ్గర దిగమనండి. ఫోన్ నంబరు మెసేజ్‌లో పెడతాను.