గేమింగ్ మౌస్ మాక్రో ఇంట్లో పనిచేస్తోంది, ఆఫీసులో పనిచేయట్లేదు, ఎందుకు?

అందరికీ నమస్తే. గేమ్స్ కోసం కాదులెండి, రోజంతా ఎక్సెల్‌లో కాపీ, పేస్టులే నా ఉద్యోగం, అందుకే పక్కన బటన్లున్న గేమింగ్ మౌస్ కొన్నాను. ఫార్ములాలు రాకుండా విలువలు మాత్రమే పేస్ట్ కావడానికి కంట్రోల్+ఆల్ట్+వి, తర్వాత వి, ఆ తర్వాత ఎంటర్, ఇదంతా ఒక్క నొక్కుతో వరుసగా జరిగిపోయేలా ఒక బటన్‌కి మాక్రోగా రికార్డ్ చేశాను. ఇంట్లో ల్యాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా ఉంది. అదే మౌస్ ఆఫీసు కంప్యూటర్‌కి పెడితే మాత్రం ఆ బటన్ బ్రౌజర్‌లో వెనక్కి వెళ్లే మామూలు బటన్ అయిపోతోంది. అక్కడ మౌస్ సాఫ్ట్‌వేర్ వేసుకోనివ్వరు, అడిగితే "గేమింగా?" అని ఒక చూపు.

మౌస్‌లోనే మెమరీ ఉందని డబ్బా మీద రాసుంది, డీపీఐ (కర్సర్ ఎంత వేగంగా కదలాలో చెప్పే) సెట్టింగ్ అయితే ఆఫీసులోనూ అలాగే ఉంటోంది. మరి మాక్రో ఎందుకు రాదు? కొన్ని మౌస్‌లలో ఇలా వరుసగా కీలు నొక్కే మాక్రోలకి వెనకాల సాఫ్ట్‌వేర్ నడుస్తూ ఉండాల్సిందేనా, లేక ప్రొఫైల్‌ని, అంటే బటన్ల సెట్టింగులన్నిటినీ, మౌస్‌లోకి ఎక్కించే ఆప్షన్ ఎక్కడో దాక్కుని ఉంటుందా?

ఇంకో డౌటు. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఆన్‌లో ఉన్నప్పుడు, ఇంగ్లీషు మాటలు టైప్ చేసే నా ఇంకో మాక్రో తెలుగు అక్షరాలు కుమ్మరిస్తోంది. ప్రతిసారీ భాష మార్చకుండా దారుందా?

ఆటోహాట్‌కీ (కీలు వాటంతటవే నొక్కేలా చేసే ప్రోగ్రామ్) స్క్రిప్టుని ఈఎక్స్‌ఈ (నేరుగా నడిచే ఫైల్) చేసి తీసుకెళ్లమని ఒక ఫ్రెండ్ సలహా, కానీ ఆఫీసు కంప్యూటర్‌లో అంత ధైర్యం నాకు లేదు. అది కాకుండా ఇంకేదైనా ఉంటే చెప్పండి ప్లీజ్.