గ్రాస్ లాన్ పాతదేనా?

ప్రశ్న: అమెరికాలోని మిసిసిప్పి రాష్ట్ర తీరంలో, గల్ఫ్‌పోర్ట్‌లోని గ్రాస్ లాన్ అనే ఇల్లు నిజంగా 1836 నాటిదేనా? 1969 కెమిల్ తుపానుకు నిలిచిన ఇల్లు 2005 కత్రినా తుపానుకు ఎలా పోయింది?

జవాబు 1: ఇప్పుడున్నది నకలండీ. అసలుది 2005 ఆగస్టు 29న కొట్టుకుపోయింది. కొత్తది 2012లో తెరిచారు.

జవాబు 2: గాలి కంటే ఉప్పెనే ముంచింది. దగ్గర్లోని పాస్ క్రిస్టియన్‌లో నీళ్లు 27.8 అడుగులు లేచాయి. ఆ తీరంలో పాత చెక్క ఇళ్లు ఇటుక దిమ్మెల మీద ఉండేవి, వాటిని పట్టి ఉంచేది చాలావరకు సొంత బరువే. నీరు నేల పలకల్ని తాకగానే ఇల్లు తేలుతుంది, ఆపై పక్కనుంచి అల కొడితే దిమ్మె మీంచి జారిపోతుంది.

జవాబు 3: వరండాలు, పలకలతో పెట్టెలా చేసిన స్తంభాలు మళ్లీ కట్టొచ్చు. బానిసలు చేత్తో చెక్కిన పైన్, సైప్రస్ దూలాలు మాత్రం తిరిగి రావు.