ప్రపంచకప్ గెలుపులో మతం పాత్ర ఏమైనా ఉందా?

లెక్కలమాస్టారు:
1930 నుంచి 2022 వరకు పురుషుల ఫుట్‌బాల్ ప్రపంచకప్ 22 సార్లు జరిగింది. గెలిచిన దేశాలు మాత్రం ఎనిమిదే: బ్రెజిల్, జర్మనీ, ఇటలీ, అర్జెంటీనా, ఫ్రాన్స్, ఉరుగ్వే, ఇంగ్లండ్, స్పెయిన్. ఎనిమిదీ క్రైస్తవ సంప్రదాయంలో పెరిగిన దేశాలే. ముస్లింలో, బౌద్ధులో, హిందువులో ఎక్కువగా ఉన్న దేశమేదీ ఫైనల్ దాకా కూడా వెళ్లలేదు. ఇన్నిసార్లలో ఒక్కసారీ తప్పనిదాన్ని కాకతాళీయమని కొట్టిపారేయడానికి నాకు మనసొప్పడం లేదు. ఏ మతాన్నీ పొగడడానికి ఇది రాయలేదు, కారణం అడుగుతున్నానంతే.

కార్నర్‌జెండా:
ఆ జాబితాలో ఉరుగ్వేను ఎలా చేర్చారు? 1917 రాజ్యాంగంతో చర్చినీ ప్రభుత్వాన్నీ విడదీసిన దేశమది. అక్కడి అధికారిక సెలవుల పట్టికలో క్రిస్మస్‌ పేరు కుటుంబ దినం, ఈస్టర్ ముందరి పవిత్ర వారం పేరు పర్యాటక వారం. 1930లో మొదటి కప్పు గెలిచిందీ, 1950లో మరకానా స్టేడియంలో బ్రెజిల్‌ను 2-1తో ఓడించిందీ ఆ దేశమే.

లెక్కలమాస్టారు:
పండుగ పేరు మార్చినంత మాత్రాన పెంపకం మారిపోదు. పోనీ, మీ తృప్తికోసం ఉరుగ్వేను తీసేయండి. ఇంకా 20 కప్పులు మిగులుతాయి.

తుంగభద్ర:
మరి ఫిలిప్పీన్స్ మాటేమిటి? పది కోట్లు దాటిన జనాభాలో అత్యధికులు క్యాథలిక్కులే. అయినా వారి పురుషుల జట్టు ప్రపంచకప్‌కు ఒక్కసారి కూడా అర్హత సాధించలేదు. అమెరికన్లు పాలించిన ఆ దేశంలో పిల్లలు బాస్కెట్‌బాల్ ఆడుతూ పెరుగుతారు.

సికింద్రాబాద్‌గోలీ:
తుంగభద్ర గారు అసలు సంగతి పట్టుకున్నారు. దక్షిణ అమెరికాకు ఫుట్‌బాల్‌ను తీసుకెళ్లింది బ్రిటిష్ నావికులు, రైల్వే ఉద్యోగులు, బడిపంతుళ్లు. ఇంగ్లండ్‌లో చదువుకుని 1894లో సావోపాలోకు తిరిగివచ్చిన చార్లెస్ మిల్లర్ సామానులో ఫుట్‌బాళ్లు, ఆట నియమాల పుస్తకం ఉన్నాయి. ఆట ముందుగా వేళ్లూనుకున్న చోట లీగులు ముందు పుట్టాయి, కోచ్‌లు ముందు తయారయ్యారు. వందేళ్ల ఆ అనుభవం ఫలితమే మాస్టారి పట్టికలో కనిపిస్తోంది.

మన సంగతికి వస్తే, 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించిన భారత జట్టుకు కోచ్ హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం, కెప్టెన్ చునీ గోస్వామి. పీటర్ తంగరాజ్, యూసుఫ్ ఖాన్, మా సికింద్రాబాద్ తులసీదాస్ బలరాం ఆ జట్టులోని వారే. తలకు గాయమై కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం ఫార్వర్డ్‌గా ఆడించగా, ఫైనల్లో ఆయన గోల్ కొట్టారు. ఆ బంగారు పతకాన్ని మాస్టారు ఏ మతం గడిలో వేస్తారు?

లెక్కలమాస్టారు:
ఆసియా క్రీడలు ప్రపంచకప్ కావు. నా ప్రశ్న ప్రపంచకప్ గురించి.

చర్చిపెరడు:
మాస్టారి లెక్కలో కొంత పస ఉంది, కానీ ఆయన దాన్ని తప్పుచోట వెదుకుతున్నారు. ఎవర్టన్ క్లబ్ 1878లో ఒక మెథడిస్టు చర్చి జట్టుగా మొదలైంది. గ్లాస్గోలో సెల్టిక్‌ను 1887లో స్థాపించిన బ్రదర్ వాల్‌ఫ్రిడ్, పేద ఐరిష్ క్యాథలిక్ పిల్లల భోజనాలకు డబ్బు కూడగట్టడానికి ఆ పని చేశారు. బ్యూనస్ ఎయిర్స్‌లో వీధిలో బంతి ఆడుతున్న ఒక కుర్రాడు ట్రామ్ కింద పడబోయి తప్పించుకున్నాడని, అది చూసిన లొరెంజో మాస్సా అనే ఫాదర్ చర్చి వెనుక పెరడు ఇచ్చి, ఆదివారం పూజకు వస్తేనే ఆడుకోనిస్తానని షరతు పెట్టారని చెబుతారు. 1908లో పుట్టిన శాన్ లొరెంజో క్లబ్ కథ అదే. ప్రార్థన గోల్ కొట్టలేదు గానీ, పెరడు మాత్రం మతమే ఇచ్చింది.

లెక్కలమాస్టారు:
ఇన్నాళ్లకు ఒకరికి నా మాట అర్థమైంది.

సికింద్రాబాద్‌గోలీ:
ఏమీ అర్థం కాలేదు. పెరడు ఎవరిచ్చినా పిల్లలు ఆడతారు. మొరాకోలోని సలే నగరం పక్కన ఆ దేశపు రాజు పేరిట కట్టిన అకాడమీలో పెరిగిన ఎన్-నెసిరి 2022లో పోర్చుగల్‌పై తలతో కొట్టిన గోల్‌తో మొరాకో సెమీఫైనల్ చేరింది. ఆ జట్టు 26 మందిలో 14 మంది విదేశాల్లో పుట్టినవారు. గెలిచాక నేలకు నుదురు ఆనించి సజ్దా చేశారు, నిజమే. కానీ 2009 నవంబరులో సూడాన్‌లోని ఒమ్‌దుర్మాన్‌లో ఈజిప్టూ అల్జీరియా తలపడినప్పుడు రెండు వైపులా ప్రార్థించినవారు ముస్లింలే, ప్రపంచకప్‌కు వెళ్లింది మాత్రం 1-0తో నెగ్గిన అల్జీరియా.

పసుపుకార్డు:
2002లో ఇటలీ కోచ్ ట్రాపటోని పవిత్ర జలం సీసా వెంట తెచ్చుకున్నా కొరియా చేతిలో ఓటమి తప్పలేదు.

లెక్కలమాస్టారు:
హాస్యం పక్కనపెట్టండి. నెల రోజులు పగలంతా నీళ్లు కూడా ముట్టని ఆటగాడు 90 నిమిషాలు ఎలా పరుగెత్తగలడు? దీనికి సూటిగా జవాబు చెప్పేవారెవరూ లేరు.

సికింద్రాబాద్‌గోలీ:
చెబుతాను. 2014 జూన్ 30న, రంజాన్ మొదలైన వెంటనే, పోర్టో అలెగ్రెలో అల్జీరియా జట్టు జర్మనీని 90 నిమిషాల పాటు ఒక్క గోల్ కూడా కొట్టనివ్వలేదు. అదనపు సమయంలో 2-1తో ఓడింది. ఆ జర్మనీయే తర్వాత బ్రెజిల్‌కు ఏడు గోల్స్ కొట్టి కప్పు ఎత్తింది.

ఇక అసలు మాట. మా అబ్బాయి చేరిన కోచింగ్ క్యాంపులో మీరు రాసిన ఈ వాక్యాన్నే, దాదాపు ఇవే మాటల్లో, ఆ కోచ్ నోట విన్నాను. రోజా ఉన్నాడని వాణ్ని నెలంతా గీత బయట కూర్చోబెట్టారు. పరుగెత్తించి చూసి పనికిరాడంటే ఒప్పుకునేవాణ్ని. పరుగెత్తించనే లేదు. పండుగ తర్వాత వెళితే జట్టు నిండిపోయిందన్నారు. మాస్టారూ, మీకు ఇది లెక్క కావచ్చు, మాకు మాత్రం ఇది గేటు దగ్గరే వేసిన తాళం.

లెక్కలమాస్టారు:
నన్ను ఆ కోచ్ పక్కన నిలబెట్టడం అన్యాయం. నాకూ ఒక అనుభవం ఉంది. మా అమ్మాయి జిల్లా జట్టుకు ఎంపికైన వారంలోనే మా ఇంటి పెద్దలు ఆచారం పేరు చెప్పి, నిక్కరు వేసుకుని మగవాళ్ల ముందు ఆడడానికి వీల్లేదని మానిపించారు. మాది మీ మతం కాదు. ఆ బూట్లు ఇప్పటికీ అటక మీద ఉన్నాయి. మతం ఆటను ఆపగలదని నేను పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు.

చర్చిపెరడు:
అలాంటప్పుడు మొదటి రోజే అమ్మాయిల సంగతి ఎత్తవలసింది. మహిళల ప్రపంచకప్‌ను 2011లో గెలిచింది జపాన్, అది క్రైస్తవ దేశం కాదు. మీ పట్టికలో పురుషులు మాత్రమే ఉన్నారు కాబట్టి ఆ కప్పు లెక్కకు రాలేదు. పైగా మీరు చెప్పిన ఎనిమిదింటిలో ఇంగ్లండ్ సంఘం తన మైదానాలను 1921 నుంచి దాదాపు యాభై ఏళ్లు ఆడవాళ్లకు మూసేసింది. బ్రెజిల్ 1941లో ప్రభుత్వ ఉత్తర్వుతో నిషేధించి, 1979 దాకా ఎత్తలేదు. తలకు గుడ్డ కట్టుకున్న అమ్మాయిల మీద అంతర్జాతీయ ఫుట్‌బాల్ సంఘం ఫిఫా ఆంక్ష 2014 దాకా పూర్తిగా తొలగలేదు.

సికింద్రాబాద్‌గోలీ:
మాస్టారూ, మీ అమ్మాయి విషయం తెలియక గట్టిగా మాట్లాడాను. కానీ చూడండి, మీ పెద్దలు చేసిందీ మా కోచ్ చేసిందీ ఒకటే పని. పిల్లల్ని ఆడనివ్వలేదు. మీరు దానికి మతం అని పేరు పెడుతున్నారు, నేను ఆ పేరు పెట్టను, ఎందుకంటే ఆ పేరు పెట్టగానే తప్పు ఆపినవాడి మీద నుంచి ఆగిపోయిన పిల్లవాడి మీదికి జరుగుతోంది.

లెక్కలమాస్టారు:
ఆ చివరి మాట ఒప్పుకుంటాను. రోజా గురించి రాసిన వాక్యాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. పెద్దలు చెప్పిన కారణం మతమే కాబట్టి ఆ పేరు మాత్రం కొట్టేయను. జపాన్‌ను వేరే వరుసలో చేరుస్తాను.

కార్నర్‌జెండా:
వరుసలు మళ్లీ గీస్తున్నారు కాబట్టి, ఉరుగ్వేను కూడా పైవరుస నుంచి తీసేయగలరు.