మడి: పొలానిదీ ఆచారానిదీ ఒకటేనా?

రైతుకు పొలం గుడితో సమానం కాబట్టి వరి పొలాన్నీ, పూజకు కట్టుకునే బట్టనీ మనవాళ్ళు ఒకే మాటతో మడి అన్నారని ఒకరు పోస్టు పెట్టారు. దాని కింద దండాల బొమ్మలు బోలెడు పడ్డాయి. వినడానికి ముచ్చటగానే ఉంది. కానీ మాటల పుట్టుక దగ్గర మరీ ముచ్చటగా కుదిరినదాన్ని కాస్త అనుమానంగా చూడటం నాకు అలవాటు.

ముందు పొలం సంగతి. మడి అంటే ఊరికే నేల కాదు. చుట్టూ గట్టు వేసి, నీళ్ళు నిలిచేలా చదును చేసిన చెక్క. ఎకరం పొలంలో వాలును బట్టి నాలుగు మళ్ళుండొచ్చు, పది ఉండొచ్చు. ఎగువ మడి తడిశాక గట్టుకు గండి కొడితే నీళ్ళు దిగువ మడిలోకి దిగుతాయి. రాయలసీమలో ఆ గండిని మడవ అంటారు, నీళ్ళు మళ్ళించడాన్ని మడవ కట్టడం అంటారు. నీళ్ళు నిలవడమే ఈ మాటకు ప్రాణం. అందుకే వరి ఊసే లేని చోట్ల కూడా కనిపిస్తుంది: నౌపడ, చినగంజాం వైపు సముద్రపు నీళ్ళు పెట్టి ఎండబెట్టే ఉప్పుమళ్ళు ఉన్నాయి, పెరట్లో తోటకూర మళ్ళున్నాయి. కన్నడంలోనూ పొలంలో, తోటలో ఇలా కట్టిన చెక్కను మడి అనే అంటారు. పవిత్రత వల్లే పొలం మడి అయ్యుంటే, పాపం జొన్న చేను ఏం తప్పు చేసింది? మెట్ట చేనును మడి అన్నవాళ్ళను నేను చూడలేదు.

వీటన్నిట్లో చిన్నదీ, రైతుకు ఎక్కువ టెన్షన్ పెట్టేదీ నారుమడి. గోదావరి జిల్లాల్లో ఆకుమడి అంటారు, నారు పీకడం ఆకు తీత. తెలంగాణలో తుకం పోసుడు అనే మాట ఉంది. ఆ తుకం ఉర్దూ తుఖ్మ్ నుంచి వచ్చింది, విత్తనం అని అర్థం. ఎకరం నాటుకు అయిదు సెంట్ల నారుమడి సరిపోతుంది. విత్తనాలు ఒక రోజు నానబెట్టి, ఇంకో రోజు గోనెసంచిలో మండె కడతారు, అంటే మొలకెత్తేలా మూటకట్టి ఉంచుతారు. తెల్లటి మొలక ముక్కు బయటపెట్టగానే, దమ్ము చేసి చదును చేసిన బురద మీద పలచగా నీళ్ళుంచి చల్లుతారు. నీళ్ళు ఎక్కువైతే గింజ ఒక మూలకు కొట్టుకుపోయి కుళ్ళుతుంది. పూర్తిగా తీసేస్తే పిట్టలు దిగుతాయి. ఈ పని చేసినాయన సాయంత్రం ఇంటికొస్తే కాళ్ళు కడుక్కోకుండా గడప కూడా ఎక్కనివ్వరు, ఇక వంటింటి మడి సంగతి చెప్పాలా!

ఆ రెండో మడి గుడ్డది. కన్నడంలో మడి అంటే మొదట ఉతికిన బట్ట, తర్వాత శుచి. బట్టలుతికే మనిషి మడివాళ. మన మడేలు కూడా ఆ మాటే. బసవేశ్వరుడి కాలపు శివభక్తుడు, చాకలి మడివాలు మాచయ్య కథ పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలో ఉంది. బెంగళూరులో హైదరాబాద్ బస్సు కోసం మడివాలాలో పడిగాపులు పడే మన పిల్లలు ఆ పేరును రోజూ పలుకుతూనే ఉంటారు. ఇందులో ఒక విడ్డూరం కూడా ఉంది. మాట బట్ట ఉతికే పనిలోంచి వచ్చింది. తీరా ఆచారం పాటించే ఇళ్ళలో చాకలి ఉతికి తెచ్చిన బట్ట మడికి పనికిరాదు. మళ్ళీ ఇంట్లో తడిపి, ఎవరూ తగలకుండా దండెం మీద కర్రతో ఆరేసుకోవాలి. ఉతికినవాడిని దూరం పెట్టి మాటను మాత్రం ఉంచుకున్నారు.

"అడుగులకు మడుగులొత్తడం"లోని మడుగు చెరువులాంటిదని చాలామంది అనుకుంటారు. కాదు, కాలి కింద పరిచే మడతపెట్టిన తెల్లబట్ట అది. మడత, మడచడం కూడా ఈ పక్కవే అనిపిస్తుంది. రెట్లు లెక్కపెట్టే మడి కూడా ఉంది: ఇనుమడి, ముమ్మడి. ఉత్సాహం ఇనుమడించింది అంటే రెండింతలైందని. ఒకే పేరున్న రాజుల్లో రెండోవాణ్ణి ఇమ్మడి అనడం ఇందుకే. విజయనగరాన్ని ఏలిన సాళువ ఇమ్మడి నరసింహరాయలు (1491–1505) అలాగే పిలిపించుకున్నాడు.

రెండూ వేర్వేరు మాటలనడానికి నాకు గట్టిగా తోచే ఆధారం వ్యాకరణంలోనే ఉంది. పొలం మడికి బహువచనం ఉంది. గుడి గుళ్ళు, బడి బళ్ళు అయినట్టే మడి మళ్ళవుతుంది. "మా నాన్న మళ్ళలో ఉన్నాడు" అంటాం. ఆచారపు మడిని లెక్కపెట్టలేం. "మా బామ్మ మడితో ఉంది", "మడిగా వండింది" అంటామే గానీ, ఇంట్లో ముగ్గురు పెద్దలు మడి కట్టుకున్నా "మూడు మళ్ళు" అనం. "మడి కట్టాడు" అన్నప్పుడు మాత్రం రెండూ ఒకచోట కలుస్తాయి. చేతిలో పార ఉందో పట్టుపంచె ఉందో చూసి తేల్చుకోవాల్సిందే.

నెల్లూరు, చిత్తూరు వైపు మడికి బదులు కయ్య అంటారని ఇంకొకరు గుర్తు చేశారు, నిజమే. కయ్య గట్ల దగ్గర కయ్యాలు జరుగుతాయి గానీ ఆ రెండు మాటలకూ పోలికే తప్ప బంధుత్వం లేదు. తెలంగాణలో పొలం అంటేనే వరి పొలం, మిగతాది చెలక. కోస్తాలో పొలం దేనికైనా చెల్లుతుంది, పైగా "వరి చేను కోతకొచ్చింది" అని హాయిగా అంటారు. అందువల్ల చేను అంటే మెట్ట, మడి అంటే మాగాణి అని అన్ని జిల్లాలకూ ఒకే గీత గీయలేం.

బజారులో దుకాణాల వరుసను మడిగెలు అంటారు కదా, అదీ దీన్నుంచేనా అని తెలంగాణ మిత్రులు అడిగారు. దానికి దగ్గర కన్నడ మళిగె, తమిళుల మళిగై కడై, అంటే కిరాణా కొట్టు. పొలంతో దానికి లావాదేవీ లేదు.

నాకున్న సందేహం వేరే. యంత్రంతో నాటేవాళ్ళు ఇప్పుడు ప్లాస్టిక్ ట్రేలలో నారు పెంచుతున్నారు. దానికి గట్టు లేదు, నిలవ నీళ్ళూ లేవు. మీ ఊళ్ళో దాన్ని కూడా నారుమడి అనే అంటున్నారా, వేరే పేరు పడిందా? పొలం పనిలో ఉన్నవాళ్ళు చెబితే బాగుంటుంది.