ఉద్దానంలో రాత్రిపూట గుండెపోటు వస్తే ఎక్కడికి తీసుకెళ్ళాలి?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కవిటి, కంచిలి, సోంపేట ఊళ్ళలో గోడకి అంటించే కాగితమొకటి రాస్తున్నాం, సాయం చెయ్యండి.

ఛాతీనొప్పితో వచ్చిన మనిషికి పది నిమిషాల్లో ఈసీజీ తీయాలి. గుండెకి రక్తం అందించే పెద్ద నాళం మూసుకుపోయిందని తేలి, 120 నిమిషాల్లో స్టెంటు వేయించే వీలు లేకపోతే, రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ (టెనెక్టిప్లేస్ లాంటిది) అక్కడే ఇచ్చి పంపాలి. నొప్పి మొదలై 12 గంటలు దాటితే దానివల్ల పెద్దగా లాభం ఉండదు. ఇక్కణ్ణించి విశాఖకి మూడు గంటలకి తక్కువ పట్టదు కదా! అందుకే అడుగుతున్నాం: రాత్రి 10 తర్వాత కూడా ఆ ఇంజెక్షన్ ఇచ్చే ఆసుపత్రి సోంపేట, పలాస వైపు ఏది? మీరు కళ్ళారా చూసిందే చెప్పండి.

ఇంకో చిక్కు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎక్కువ. అలాంటివాళ్ళకి గుండెపోటు లేకపోయినా ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ప్రోటీన్) ఎక్కువగానే ఉండొచ్చు. ఈసీజీలో తేలకపోతే మూడు గంటలకి మళ్ళీ రక్తం తీసి, పెరిగిందో లేదో చూడాలి. రాత్రిపూట అలా రెండుసార్లు చేసే ల్యాబ్ ఉందా?

షుగరున్నవాళ్ళకి నొప్పి లేకుండా ఆయాసం, చెమటలే రావచ్చు. గ్యాసనుకుని సోడా తాగి పడుకుంటారేమోనని మా భయం. 108 బండిలోనే ఈసీజీ తీస్తున్నారా? తెలిసినవాళ్ళు చెప్పండి.