ఉత్తి కాళ్లతో నడవడం మంచిదా, బూట్లు వేసుకోవడం మంచిదా? (చర్చ)

పచ్చికబాట:
మోకాళ్ల నొప్పి, మడమ నొప్పి అంటూ ఇక్కడ తరచూ ఎవరో ఒకరు అడుగుతుంటారు కాబట్టి విడిగా రాస్తున్నాను. ఆ నొప్పుల్లో చాలావాటికి మూలం బూట్లేనని నా గట్టి నమ్మకం. ఒక్క పాదంలో 26 ఎముకలు, 33 కీళ్లు ఉంటాయి. అన్ని కీళ్లున్నది వంగడానికి, నేలకు తగ్గట్టు సర్దుకోవడానికి. మనం వాటికి తొడిగేది ఏమిటి? మందపాటి అడుగు, ఎత్తు మడమ, వేళ్లు ఒకదాని మీదికి ఒకటి ఎక్కేంత ఇరుకైన ముందు భాగం. పాదం చేయాల్సిన పనంతా బూటే చేసేస్తే పాదంలో కండ ఎందుకు మిగులుతుంది?

2010లో హార్వర్డ్‌కు చెందిన డేనియల్ లీబర్‌మన్ బృందం నేచర్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించింది. చిన్నప్పటి నుంచి చెప్పుల్లేకుండా పరిగెత్తేవాళ్లు ఎక్కువగా ముందుపాదం మోపి దిగుతారు, బూట్లవాళ్లు ఎక్కువగా మడమ మోపుతారు. మడమ మోపిన క్షణంలో కాలిలోకి ఒక్కసారిగా దెబ్బ ఎక్కుతుంది. ముందుపాదం మోపితే ఆ దెబ్బ దాదాపు కనిపించదు. అంతెందుకు, ఇథియోపియా వీరుడు అబెబె బికిల 1960 రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌ను ఉత్తి కాళ్లతో 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో గెలిచాడు. అప్పటికి ప్రపంచంలో అదే అత్యుత్తమ సమయం.

నా సలహా ఒకటే. ఇంట్లో, పార్కులో, గడ్డి మీద, వీలైన ప్రతిచోటా చెప్పులు విడిచి నడవండి. వయసుతో పని లేదు. ఎక్కడైనా తేడా వస్తే కాలే చెబుతుంది, అప్పుడు ఆగితే చాలు.

సందేహాలరావు:
బికిల గురించి సగమే చెప్పారు. అతనే 1964 టోక్యోలో మళ్లీ గెలిచాడు, ఈసారి బూట్లు వేసుకుని. సమయం 2 గంటల 12 నిమిషాల 11 సెకన్లు. అంటే మూడు నిమిషాలకు పైగా తగ్గింది. మీ ఉదాహరణ బూట్లకే సాక్ష్యం చెబుతోంది.

పచ్చికబాట:
సందేహాలరావు గారూ, నాలుగేళ్లలో మనిషి శిక్షణ మారదా? దారి వేరు, వాతావరణం వేరు. ఆ తేడా మొత్తం బూట్ల ఖాతాలో వేస్తారా?

సందేహాలరావు:
శిక్షణ సంగతి ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. టోక్యోకు కొన్ని వారాల ముందే అతనికి అపెండిక్స్ ఆపరేషన్ అయింది. అయినా వేగం పెరిగింది. దీనికి జవాబు చెప్పండి.

రమణి_నర్స్:
నేను గాయాలకు డ్రెస్సింగ్ చేసే గదిలో పనిచేస్తాను, ఆ అనుభవంతోనే రాస్తున్నాను. బికిల గెలిచిన సమయం మీద మీరు ఎంతసేపైనా వాదించుకోండి, నేను అతని దేశం సంగతి చెబుతాను. ఇథియోపియా ఎత్తు ప్రాంతాల్లో అగ్నిపర్వతాల వల్ల ఏర్పడిన ఎర్రమట్టి నేలలున్నాయి. ఆ మట్టిలో చెప్పుల్లేకుండా ఏళ్ల తరబడి వ్యవసాయం చేసేవాళ్లకు పోడోకోనియోసిస్ అనే జబ్బు వస్తుంది. మట్టిలోని సన్నటి ఖనిజ రేణువులు చర్మంలోంచి లోపలికి పోయి లింఫ్ నాళాలను (ఒంట్లోని అదనపు ద్రవాన్ని తీసుకుపోయే సన్నటి గొట్టాలను) పాడుచేస్తాయి. కాళ్లు బోదకాలులా వాచిపోతాయి, కానీ దోమకూ దీనికీ సంబంధం లేదు. రాకుండా చూసుకునే మార్గం బూట్లు వేసుకోవడం, కాళ్లు శుభ్రంగా కడుక్కోవడం. అంతే. కొంకిపురుగు లార్వా కూడా తడిమట్టిలో నుంచి పాదం చర్మాన్ని తొలుచుకునే ఒంట్లోకి వెళ్తుంది. రక్తహీనత ఎందుకొచ్చిందో తెలియక తిరిగేవాళ్లలో దాని బాధితులూ ఉంటారు. మేకు గుచ్చుకుంటే ధనుర్వాతం భయం ఉండనే ఉంది.

పాదరక్షలు ఫ్యాషన్ కోసం పుట్టలేదు. అమెరికాలోని ఒరెగాన్‌లో ఫోర్ట్ రాక్ గుహలో దొరికిన, చెట్టు బెరడుతో అల్లిన చెప్పులు సుమారు పదివేల ఏళ్ల నాటివి. అంత పాత మనిషికి కూడా కాలి కింద ఏదో ఒకటి ఉండాలని తెలిసింది.

పచ్చికబాట:
మేడమ్, ఆ చెప్పులు చూశారా? పలచటి అల్లిక. మడమ ఎత్తు లేదు, వేళ్లను నొక్కేది లేదు. అలాంటివి వేసుకోమంటే నాకేమీ అభ్యంతరం లేదు. నేను తప్పుపడుతున్నది ఇప్పటి బూట్లను. పోడోకోనియోసిస్ ఫలానా నేలల్లో వచ్చే జబ్బు. పార్కులో గడ్డి మీద అరగంట నడిచేవాళ్లను దానితో భయపెట్టడం ఎందుకు?

పిల్లల విషయం కూడా చూడండి. 1992లో మన దేశం నుంచే ఒక పరిశోధన వచ్చింది, 2300 మంది పిల్లల పాదముద్రలు తీసి చూశారు. పాదరక్షలు వాడే పిల్లల్లో చదునుపాదం (అరికాలిలో వంపు లేకపోవడం) 8.6 శాతం, వాడని పిల్లల్లో 2.8 శాతం. వేళ్లు మూసేసే బూట్లవాళ్లలోనే అది ఎక్కువ.

చిట్టితల్లి_అమ్మ:
మా పాప ఇప్పుడిప్పుడే గోడ పట్టుకుని నడుస్తోంది. మెత్తటి బూట్లు కొననా, వద్దా? ఎవరైనా సూటిగా చెప్పండి ప్లీజ్.

సందేహాలరావు:
పచ్చికబాట గారూ, ఆపరేషన్ సంగతికి జవాబు రాలేదు.

పరుగుపిచ్చి:
నా సంగతి రాస్తాను. ఇలాంటి పోస్టులే చదివి బూట్లు పక్కన పడేసి, నేరుగా ఉత్తి కాళ్లతో పాత దూరమే పరిగెత్తాను. పాదం పైన, రెండో వేలు వెనక చిన్న నొప్పి మొదలైంది. ఉదయం మంచం దిగి మొదటి అడుగు వేస్తే ఎవరో లోపలి నుంచి నొక్కినట్టుండేది. కాసేపటికి సర్దుకునేది కాబట్టి పరుగు ఆపలేదు. చివరికి స్కాన్ తీస్తే మెటాటార్సల్ ఎముకలో, అంటే వేలి వెనక ఉండే పొడవాటి పాదం ఎముకలో, సన్నటి పగులు. 2013లో వచ్చిన పరిశోధనలో పలచటి బూట్లకు మారిన రన్నర్లను పది వారాల తర్వాత ఎం.ఆర్.ఐ. తీసి చూస్తే, చాలామంది పాదాల ఎముకల్లో వాపు కనిపించింది. అది ఆ తర్వాత చదివాను. ఐదు వేళ్లు విడిగా ఉండే బూట్లు అమ్మిన వైబ్రమ్ కంపెనీ కూడా, ఆరోగ్యానికి మంచిదంటూ చేసిన ప్రచారం మీద పడిన కేసును 2014లో తప్పు ఒప్పుకోకుండానే 37.5 లక్షల డాలర్లకు సెటిల్ చేసుకుంది.

పచ్చికబాట:
బ్రదర్, ఏళ్ల తరబడి పనిలేని కండకు ఒక్కరోజులో పూర్తి బరువు ఎత్తితే ఏమవుతుంది? మెల్లగా మారాలి. అది ఉత్తి కాళ్ల తప్పు కాదు, తొందర తప్పు.

పరుగుపిచ్చి:
ఆ "మెల్లగా" అనే మాట మీ మొదటి పోస్టులో ఎక్కడుంది? మళ్లీ చదివాను, లేదు.

గాలిపటం:
బూటు ముందు భాగం వెడల్పుగా ఉంటే సగం సమస్యలు తీరతాయి. మిగతా చర్చ అనవసరం.

రమణి_నర్స్:
పిల్లల పరిశోధన గురించి ఒక మాట. చదునుపాదం ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి దానివల్ల ఏ నొప్పీ ఉండదు. కాబట్టి ఆ 8.6ని జబ్బుల లెక్కగా చూపించకండి.

శేషు88:
మొదటి నుంచీ చదువుతున్నాను. పచ్చికబాట గారు రాసిన రెండు వాక్యాల దగ్గరే ఆగిపోయాను. "వయసుతో పని లేదు. ఎక్కడైనా తేడా వస్తే కాలే చెబుతుంది."

మా నాన్నకు కాలు చెప్పలేదండీ. ఏళ్ల తరబడి షుగర్. ఉదయం నడకలో ఒక పెద్దమనిషి, చెప్పులు విడిచి గులకరాళ్ల మీద నడిస్తే రక్తప్రసరణ పెరుగుతుంది, షుగర్ దిగుతుంది అని చెప్పాడు. నాన్న నమ్మాడు. ఒకరోజు దుప్పటి మడతపెడుతుంటే కాళ్ల వైపు మరక కనపడి అమ్మ అడిగింది. "నాకేం కాలేదే, నొప్పి కూడా లేదు" అన్నాడు. కాలు ఎత్తి చూస్తే బొటనవేలి కింద ఆనికాయ, దాని అంచున గాజుపెంకు, చుట్టూ నల్లబడిన చర్మం. ఎప్పుడు గుచ్చుకుందో ఆయనకే తెలియదు. రెండు వేళ్లు తీసేశారు. ఆ పెద్దమనిషి ఇప్పటికీ అక్కడే నడుస్తున్నాడు, కొత్తవాళ్లకు అదే చెబుతున్నాడు.

పచ్చికబాట:
శేషు గారూ, చదివి చాలా బాధేసింది. నాన్నగారు కోలుకోవాలి. కానీ ఆనికాయ ఉంటే స్పర్శ పోతుందన్నది సరికాదు. 2019లో నేచర్‌లోనే వచ్చింది, చెప్పుల్లేకుండా నడిచేవాళ్ల అరికాలి చర్మం ఎంత మందమైనా నేలను గుర్తించే శక్తి తగ్గలేదు. షుగర్ వేరే విషయం. అలాంటి కేసులు చూపించి అందరి కాళ్లకూ బూట్లు బిగించడం న్యాయం కాదు.

రమణి_నర్స్:
ఆ 2019 పరిశోధన నరాలు బాగున్నవాళ్ల గురించి. షుగర్ పాదంలో ఆనికాయ కథ వేరు. స్పర్శ లేని పాదంలో ఒకేచోట ఒత్తిడి పడీ పడీ ఆనికాయ గట్టిపడుతుంది, దాని కిందే పుండు పడుతుంది. పైనుంచి చూస్తే గట్టి చర్మమే. బ్లేడుతో పొరలు పొరలుగా చెక్కుతూ పోతే లోపల గుంట బయటపడుతుంది. అంత లోతు పుండు పెట్టుకుని ఆ మనిషి నడుచుకుంటూ మా గదికి వస్తాడు, ముఖంలో ఏ బాధా ఉండదు. స్పర్శ పోయినవాళ్లు ఇంట్లో కూడా ఉత్తి కాళ్లతో తిరగకూడదని చెప్పేది అందుకే.

శేషు88:
"కేసులు" అన్నారా? మా నాన్న కేసు కాదు. "షుగర్ వేరే విషయం" అని ఇప్పుడంటున్నారు. మొదట రాసినప్పుడు "వయసుతో పని లేదు" అనే కదా రాశారు? చదివేవాళ్లలో ఎంతమందికి షుగర్ ఉందో, అసలు తమకు ఉందో లేదో ఎంతమందికి తెలుసో మీకేం తెలుసు?

పచ్చికబాట:
సరే, నేనెందుకు ఇంత గట్టిగా మాట్లాడతానో చెబుతాను. నాకు చిన్నప్పుడు చదునుపాదం అన్నారు. లోపల ఇనప పట్టీ ఉన్న బూట్లు రాశారు. మా క్లాసులో అందరూ పరిగెత్తుతుంటే నేను మెట్ల మీద కూర్చుని చూసేవాణ్ని. చీలమండ చుట్టూ చర్మం లేచిపోయేది. నొప్పిగా ఉందంటే "అలవాటవుతుంది" అన్నారు. నా బాల్యం ఆ బూట్లలో పోయింది. పెద్దయ్యాక చదివితే, 1989లోనే ఒక పరిశోధనలో పిల్లల్ని గుంపులుగా విడదీసి మూడేళ్లకు పైగా చూశారని తెలిసింది. మెత్తగా వంగే చదునుపాదానికి అలాంటి బూట్లు వేసినా వేయకపోయినా ఒకటేనని తేలింది. నా కాలు మొదటిరోజు నుంచీ నిజమే చెప్పింది, విన్నవాళ్లు లేరు. ఇప్పుడు ఎవరైనా "కాలు చెప్పేది నమ్మకు, నిపుణుణ్ని అడుగు" అంటే నాకు ఒళ్లు మండుతుంది. శేషూ, నీకు నాన్న బాధ ఉంది, ఒప్పుకుంటాను. నాకూ నా బాధ ఉంది.

శేషు88:
నువ్వు అన్నా పర్లేదు. బూట్లు కావాలనో వద్దనో కాదు నా గొడవ. నేనూ ఇంట్లో చెప్పుల్లేకుండానే తిరుగుతాను. మీ కాలు చెప్పింది వినకుండా ఆ డాక్టర్ బూట్లు రాశాడు. మా నాన్న కాలు చూడకుండా ఆ పెద్దమనిషి చెప్పులు విప్పించాడు. రెండూ ఒక్కటే తప్పు. ఇక్కడ వందలమంది కాళ్లకు మీరు చూడకుండానే "వీలైన ప్రతిచోటా విడిచి నడవండి" అన్నారు.

పచ్చికబాట:
నన్ను ఆ డాక్టర్‌తో పోల్చకండి. నేను ఎవరినీ బలవంతపెట్టలేదు. ఏడ్చే పిల్లాడి కాలికి పట్టీ బిగించడం, పెద్దవాళ్లు చదివి నిర్ణయించుకునేది రాయడం ఒకటెలా అవుతాయి?

శేషు88:
మా నాన్ననూ ఎవరూ బలవంతపెట్టలేదు. ఆప్యాయంగానే చెప్పాడు. నమ్మకంగా చెప్పాడు. అందుకే విన్నాడు.

మోడరేటర్:
ఇద్దరూ కాస్త నెమ్మదించండి. పోస్టు తీసేయమని రెండు ఫిర్యాదులు వచ్చాయి. తీయడం లేదు. కానీ పచ్చికబాట గారు మొదటి పోస్టు సవరించే విషయం ఆలోచించాలి.

పచ్చికబాట:
షుగర్ ఉన్నవాళ్లు, పాదాల్లో తిమ్మిరి ఉన్నవాళ్లు దీన్ని పాటించవద్దు అని చేరుస్తాను. "మెల్లగా" అన్న మాట కూడా. కానీ ప్రతి వాక్యం ముందు "డాక్టర్‌ను అడిగి" అని పెట్టను. అలా పెడితే నాలాంటి పిల్లలు ఇంకా ఆ బూట్లలోనే ఉంటారు.

శేషు88:
"కాలే చెబుతుంది" అన్నది తీసేయండి. మిగతాది మీ ఇష్టం.

పచ్చికబాట:
అది తీయను. స్పర్శ బాగున్నవాళ్లకు అది నిజం.

రమణి_నర్స్:
అయితే స్పర్శ బాగుందో లేదో చూసుకునే పద్ధతి దాని కిందే పెట్టండి. ఆసుపత్రిలో 10 గ్రాముల మోనోఫిలమెంట్ అనే నైలాన్ దారంతో చూస్తాం, అది వంగేవరకు అరికాలికి ఆనిస్తాం. ఇంట్లో అది అక్కర్లేదు. మనిషిని కళ్లు మూసుకోమనాలి. రెండు పాదాల్లోనూ బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొసల మీద వేలితో తేలిగ్గా ఒకటి రెండు సెకన్లు తాకాలి. నొక్కకూడదు, గిల్లకూడదు. తాకినప్పుడల్లా చెప్పమనాలి. ఆరు చోట్లలో రెండు, అంతకంటే ఎక్కువ తెలియకపోతే స్పర్శ తగ్గిందని అర్థం, పాదాలు డాక్టర్‌కు చూపించాలి. దీన్ని ఇప్స్‌విచ్ టచ్ టెస్ట్ అంటారు. షుగర్ ఉన్న ప్రతివాళ్ల ఇంట్లో చేయొచ్చు.

శేషు88:
మేడమ్, ఇది మాకు అప్పుడు ఎవరూ చెప్పలేదు. అమ్మకూ షుగరే. ఈ రాత్రికే చూస్తాను.

సందేహాలరావు:
ఇదంతా సరే గానీ, టోక్యో సమయం గురించి ఎవరూ మాట్లాడలేదు.

చిట్టితల్లి_అమ్మ:
నా ప్రశ్నకు కూడా ఎవరూ జవాబు చెప్పలేదు. పాపకు బూట్లు కొననా?

రమణి_నర్స్:
ఇంట్లో నడక నేర్చుకునేటప్పుడు అక్కర్లేదమ్మా, ఉత్తి పాదాలతోనే నడవనివ్వండి. ఈ ఒక్కదానిలో నేనూ పచ్చికబాట గారూ ఒకే మాట. బయట నేల మీద దింపేటప్పుడు మాత్రం వేయండి. అడుగు చేత్తో వంచితే వంగాలి, పాప నిలబడ్డప్పుడు పొడవాటి వేలి ముందు మీ బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. పిల్లల పాదాలు తొందరగా పెరుగుతాయి, రెండు మూడు నెలలకోసారి ఆ ఖాళీ చూసుకోండి.

పచ్చికబాట:
ముందు భాగం వెడల్పుగా ఉన్నవే తీసుకోండమ్మా. పాప వద్దని ఏడిస్తే ఒకసారి విప్పి, ఎక్కడ ఎర్రబడిందో చూడండి.